మూలకాలకు వరస సంఖ్య చూపిన మోస్లే
27 ఏళ్లకే యుద్ధరంగంలో నేలకొరిగిన యువ ఇంజనీరు అధికారి

పదో తరగతి సైన్సు పుస్తకంలో మూలకాల పట్టిక పాఠం చదివిన పిల్లలకు మోస్లే పేరు పరిచయమే. మూలకాలను బరువును బట్టి కాక పరమాణు సంఖ్యను బట్టి వరస పెట్టాలని చూపిన శాస్త్రజ్ఞుడని పాఠంలో నాలుగు ముక్కలు ఉంటాయి. పరీక్షకు అంతవరకు చాలు. అయితే ఆ పని చేసేనాటికి ఆయనకు 26 ఏళ్లేనని, ఆ తరువాత రెండేళ్లు తిరగకుండానే సైన్యంలో ఇంజనీర్ల దళం అధికారిగా పరాయి దేశపు కొండల్లో తూటా తగిలి మరణించారని చాలామందికి తెలియదు. ఆయనకు సమాధి కూడా లేదు. ఆగస్టు 10 ఆయన వర్ధంతి.

చదువుల కుటుంబం

హెన్రీ గ్విన్ జెఫ్రీస్ మోస్లే 1887 నవంబరు 23న ఇంగ్లండు దక్షిణ తీరంలోని వేమత్ పట్టణంలో జన్మించారు. ఇంటివారు హ్యారీ అని పిలిచేవారు. తండ్రి హెన్రీ నాటిడ్జ్ మోస్లే పేరున్న జీవశాస్త్రజ్ఞుడు. సముద్రాల లోతులను, వాటిలోని జీవరాశిని పరిశీలించడానికి 1872లో బయలుదేరి 1876లో తిరిగి వచ్చిన ఛాలెంజర్ ఓడలో ఆయన ప్రయాణించారు. తరువాత ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులయ్యారు. తల్లి అమాబెల్ కూడా శాస్త్రజ్ఞుల ఇంటి ఆడపడుచే. ఆమె తండ్రి జాన్ గ్విన్ జెఫ్రీస్ గవ్వలు, నత్తలు, ఆల్చిప్పల శాస్త్రంలో ప్రసిద్ధుడు. హ్యారీకి తండ్రి వైపు తాత గణితంలో దిట్ట. నీటిమీద ఓడ ఒరిగిపోకుండా నిలబడే లెక్కలు కట్టినవాడు.

హ్యారీకి నాలుగేళ్లు నిండకముందే, 1891లో తండ్రి కన్నుమూశారు. ఆ తరువాత పిల్లల పెంపకం, చదువు తల్లి మీద పడ్డాయి. ఆమె చదరంగంలో దేశం మెచ్చిన క్రీడాకారిణి. 1913లో బ్రిటిష్ మహిళల చదరంగం పోటీలో విజేతగా నిలిచారు. కొడుక్కు ఎంత పేరు వచ్చినా తల్లితో అనుబంధం తగ్గలేదు. పరిశోధన ముమ్మరంగా సాగుతున్న రోజుల్లో కూడా తల్లికి దగ్గరగా ఉండాలని ఊరు మారిన కొడుకాయన.

ఇంగ్లండులో పెద్ద బడిగా పేరున్న ఈటన్‌లో స్కాలర్‌షిప్ సంపాదించి చేరారు. 1906లో అక్కడ భౌతిక, రసాయన శాస్త్రాల్లో బహుమతులు అందుకున్నారు. అదే సంవత్సరం ఆక్స్‌ఫర్డ్‌లోని ట్రినిటీ కళాశాలలో చేరి 1910లో డిగ్రీ పూర్తి చేశారు. అందరూ మొదటి తరగతి వస్తుందనుకుంటే రెండో తరగతి వచ్చింది. మార్కులు తగ్గితే జీవితమే అయిపోయిందని కుంగిపోయే పిల్లలు ఈ సంగతి తెలుసుకోవలసి ఉంది. ఆ డిగ్రీ తీసుకున్న మూడున్నరేళ్లలోనే ఆయన పేరు ఐరోపాలోని ప్రయోగశాలలన్నింటా వినబడింది.

రూథర్‌ఫర్డ్ దగ్గర

డిగ్రీ కాగానే మోస్లే మాంచెస్టర్ వెళ్లి ఎర్నెస్ట్ రూథర్‌ఫర్డ్ దగ్గర చేరారు. రూథర్‌ఫర్డ్ న్యూజీలండులో పుట్టి పెరిగినవాడు. 1908లో నోబెల్ బహుమతి అందుకున్నవాడు. పరమాణువు నడిబొడ్డున అతి చిన్న కేంద్రకం ఉందని 1911లో లోకానికి చెప్పినవాడు ఆయనే. మోస్లేకు మొదట విద్యార్థులకు ప్రయోగాలు చూపే ఉద్యోగం. పాఠాలు పోగా మిగిలిన వేళల్లో పరిశోధన. రేడియం నుంచి వెలువడే కణాలతో విద్యుత్తు నిలవ చేసే సాధనం ఒకటి తయారు చేశారు. అణు బ్యాటరీలకు అది తొలి రూపం.

పనిలో దిగితే ఆయనకు పగలూ రాత్రీ తేడా ఉండేది కాదు. తెల్లవార్లూ ప్రయోగశాలలోనే. తెల్లవారుజాము మూడు గంటలకు మాంచెస్టర్‌లో భోజనం ఎక్కడ దొరుకుతుందో మోస్లేకు తెలిసినంతగా ఎవరికీ తెలియదని తోటివారు చెప్పుకునేవారు. పరికరాలు ఆయనే స్వయంగా అమర్చుకునేవారు. ఒకటి పాడైతే విసుక్కోకుండా మళ్లీ మొదటి నుంచి కట్టేవారు.

1912లో జర్మనీలో ఒక కొత్త విషయం బయటపడింది. ఎక్స్ కిరణాలను స్ఫటికం గుండా పంపితే అవి ఒక క్రమంలో చెదురుతాయని తేలింది. ఇంగ్లండులో విలియం హెన్రీ బ్రాగ్, ఆయన కుమారుడు విలియం లారెన్స్ బ్రాగ్ ఈ పనిని ముందుకు తీసుకుపోయారు. మోస్లే వెంటనే దీనిపై దృష్టి పెట్టారు. లీడ్స్ నగరానికి వెళ్లి పెద్ద బ్రాగ్ దగ్గర పని నేర్చుకున్నారు. పరిణామ సిద్ధాంతం చెప్పిన ఛార్లెస్ డార్విన్ మనుమడు ఛార్లెస్ గాల్టన్ డార్విన్‌తో కలిసి ప్రయోగాలు చేశారు. అక్కడి నుంచి తన సొంత దారి పట్టారు.

తూకంతో వచ్చిన చిక్కు

ఇనుము, రాగి, బంగారం, గంధకం వంటివి మూలకాలు. లోకంలోని వస్తువులన్నీ వీటి కలయికలే. 1869లో రష్యా శాస్త్రజ్ఞుడు మెండలీవ్ మూలకాలను పరమాణువుల బరువును బట్టి తేలిక నుంచి బరువుకు వరస పెట్టి ఒక పట్టిక తయారు చేశాడు. ఒకే గుణాలున్న మూలకాలు ఒక వరసలోకి వచ్చాయి. ఆ పట్టిక రసాయన శాస్త్రానికి పునాది అయింది.

కానీ కొన్నిచోట్ల తూకం కుదరలేదు. కోబాల్ట్ పరమాణువు నికెల్ కన్నా కాస్త బరువు. తూకం ప్రకారం నికెల్ ముందు రావాలి. గుణాలు చూస్తే కోబాల్ట్ ముందు రావాలి. టెల్లూరియం, అయొడిన్ల సంగతీ అంతే. ఆర్గాన్, పొటాషియం విషయంలోనూ అదే తకరారు. గుణాలను బట్టి చోట్లు మార్చి సర్దుకున్నారే కాని, అలా ఎందుకు చేయాలో ఎవరూ చెప్పలేకపోయారు. పట్టికలో ఇంకా ఎన్ని ఖాళీలున్నాయో కూడా గట్టిగా చెప్పే ఆధారం లేదు. ముఖ్యంగా అరుదైన మృత్తికలు అనే మూలకాల గుంపు ఒకదాన్నొకటి పోలి ఉండడం వల్ల అవి పన్నెండో, పదిహేనో, ఇరవయ్యో తేల్చలేక రసాయనజ్ఞులు తలలు పట్టుకున్నారు.

పట్టికలో మూలకం స్థానానికీ, పరమాణు కేంద్రకంలోని విద్యుదావేశానికీ సంబంధం ఉండవచ్చని వాన్ డెన్ బ్రూక్ అనే డచ్చి దేశస్థుడు అప్పటికే ఊహించి చెప్పాడు. డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు నీల్స్ బోర్ 1913లో ప్రకటించిన పరమాణు నమూనా కూడా అటే చూపింది. ఇవి ఊహలు, లెక్కలు. చేసి చూపినవారు లేరు. ఆ పని మోస్లే తలకెత్తుకున్నారు.

గంట మోగించి గుర్తుపట్టినట్లు

గుడి గంట, బడి గంట, ఎద్దు మెడలోని గంట మోగితే చూడకుండానే ఏది ఏదో చెప్పగలం. దేని శబ్దం దానిదే. మూలకాలకూ అటువంటి గుర్తు ఒకటి ఉంది. ఒక మూలకాన్ని గాజు గొట్టంలో ఉంచి, వేగంగా వచ్చే ఎలక్ట్రాన్లతో కొడితే దాని నుంచి ఎక్స్ కిరణాలు వస్తాయి. ఆస్పత్రిలో విరిగిన ఎముకను ఫొటో తీసే కిరణాలు ఈ జాతివే. ఏ మూలకం నుంచి వచ్చే కిరణం ఆ మూలకానికే సొంతం. ఆ కిరణాలను స్ఫటికం మీదుగా ఫొటో పలకపై పడేస్తే గీతలు పడతాయి. గీత పడిన చోటును కొలిస్తే కిరణం ఎటువంటిదో తెలుస్తుంది.

మోస్లే 1913 శరదృతువులో ఈ ప్రయోగం మొదలుపెట్టారు. ఒక మూలకం తరువాత మరొకటి మార్చడానికి ప్రతిసారీ గాజు గొట్టం విప్పి, గాలి తోడి, మళ్లీ మూయాలంటే రోజులు పడుతుంది. అందుకు ఆయన ఒక ఉపాయం పన్నారు. గొట్టం లోపల చిన్న బండి లాంటిది అమర్చి దానిమీద మూలకాల ముక్కలను వరసగా పెట్టారు. చేపల గాలానికి వాడే పట్టుదారం కట్టి, బయటి నుంచి చుట్టుతూ ఆ బండిని లాగేవారు. ఒక్కొక్క ముక్క కిరణాల ఎదుటికి వచ్చి నిలిచేది. ఖరీదైన యంత్రాలు లేని చోట ఈ పట్టుదారమే పని నెగ్గించింది.

కాల్షియం మొదలు జింకు వరకు పది మూలకాలను కొలిచారు. ఒక్కొక్క కిరణం పౌనఃపున్యాన్ని లెక్కగట్టి దానికి వర్గమూలం తీసి చూస్తే ఆశ్చర్యకరమైన సంగతి బయటపడింది. ఒక మూలకం నుంచి పక్క మూలకానికి వెళ్లేసరికి ఆ అంకె ఒకే కొలతలో పెరుగుతోంది. మేడ మెట్లన్నీ ఒకే ఎత్తులో ఉన్నట్లు. కాల్షియం నుంచి టైటానియానికి మాత్రం రెండు మెట్ల ఎత్తు వచ్చింది. ఎందుకంటే వాటి మధ్య స్కాండియం ఉంది. ఆయన కొలిచిన పదింటిలో అది లేదు. లేని మూలకం చోటును కూడా మెట్ల లెక్క పట్టి ఇచ్చింది.

మూలకానికి అసలు గుర్తు దాని బరువు కాదనీ, దాని వరస సంఖ్య అనీ దీనితో రుజువైంది. కేంద్రకంలో ఉన్న ధన విద్యుదావేశమే ఆ సంఖ్య. కోబాల్ట్‌ది 27, నికెల్‌ది 28. బరువు ఎంతైనా సరే కోబాల్టే ముందు. నలభై ఏళ్లకు పైగా నలిగిన తకరారు ఒక్క ఫొటో పలకతో తీరిపోయింది. ఆ ఫలితాలు 1913 డిసెంబరులో అచ్చయ్యాయి.

నాలుగు ఖాళీ ఇళ్లు

ఆ ఏడాది చివర మోస్లే ఆక్స్‌ఫర్డ్ వచ్చేశారు. అక్కడ ఆయనకు ఉద్యోగం లేదు. ప్రయోగశాలలో కొంత చోటు మాత్రం ఇచ్చారు. అక్కడే అల్యూమినియం నుంచి బంగారం వరకు 30కి పైగా మూలకాలను కొలిచి 1914 ఏప్రిల్‌లో రెండో వ్యాసం ప్రకటించారు. అల్యూమినియం 13వది, బంగారం 79వది అని నిర్ణయమైంది.

వీధిలో ఇళ్లకు వరసగా నంబర్లు వేసుకుంటూ పోతే ఎక్కడ ఇల్లు లేదో, ఏ స్థలం ఖాళీగా ఉందో ఇట్టే తెలుస్తుంది. మోస్లే వేసిన నంబర్లలో 43, 61, 75 దగ్గర ఎవరూ లేరు. అక్కడ మూలకాలు ఉండి తీరాలనీ, వాటి కిరణాలు ఎలా ఉంటాయో ముందే లెక్క కట్టవచ్చు కనుక వెదికితే దొరుకుతాయనీ ఆయన తేల్చారు.

ఆ వేసవిలో ఫ్రాన్సు నుంచి జార్జ్ ఉర్బేన్ అనే పెద్ద రసాయనజ్ఞుడు ఆక్స్‌ఫర్డ్ వచ్చారు. అరుదైన మృత్తికలను వేరు చేయడంలో ఆయనను మించినవారు లేరు. ఒక్కొక్క నమూనాను శుద్ధి చేయడానికి ఏళ్లకు ఏళ్లు ధారపోసిన మనిషి. తాను తెచ్చిన నమూనాల్లో ఏయే మూలకాలున్నాయో చెప్పమని మోస్లేకు ఇచ్చారు. ఏళ్ల తరబడి తాను తేల్చిన సంగతిని ఈ కుర్రవాడు కొద్దిరోజుల్లోనే చెప్పేసరికి ఉర్బేన్ నివ్వెరపోయారు. ఉర్బేన్ తాను కనిపెట్టాననుకున్న 72వ మూలకం మాత్రం ఆ నమూనాలో లేదని కూడా ఆ పరీక్షలోనే తేలింది. మాట నొప్పించేదే అయినా ఉర్బేన్ అసూయపడలేదు. స్వదేశం వెళ్లి మోస్లే ప్రతిభను పదిమందికీ చాటారు. అలా నాలుగో ఖాళీ ఇల్లు బయటపడింది.

మోస్లే ముఖ్యమైన పరిశోధన అంతా కలిపి ఏడాదికి మించదు. అచ్చయిన ఆ వ్యాసాలు రెండే.

యుద్ధం వచ్చింది

1914 వేసవిలో బ్రిటిష్ శాస్త్రజ్ఞుల సంఘం తన సభను ఆస్ట్రేలియాలో జరిపింది. మోస్లే తల్లిని వెంటబెట్టుకుని బయలుదేరారు. వారు దారిలో ఉండగానే ఆగస్టు 4న జర్మనీపై బ్రిటన్ యుద్ధం ప్రకటించింది. సభలో తన పరిశోధన గురించి మాట్లాడి, పని కాగానే మోస్లే ఇంగ్లండు తిరుగు ప్రయాణం కట్టారు.

దిగగానే సైన్యంలో చేరడానికి పరుగుపెట్టారు. ఆయన కోరుకున్నది రాయల్ ఇంజనీర్ల దళం. ఆ రోజుల్లో వంతెనలు కట్టడం, దారులు వేయడంతోపాటు యుద్ధరంగంలో టెలిఫోను తీగలు లాగి వార్తలు చేరవేసే పని కూడా ఇంజనీర్లదే. ఆ పనికి వేరుగా దళం ఏర్పడింది 1920లోనే. మోస్లే చదివింది భౌతిక శాస్త్రం కాబట్టి ఇంజనీర్ల దళంలో చోటు వెంటనే దొరకలేదు. ఆయన వదలలేదు. పట్టుబట్టి 1914 అక్టోబరులో అధికారిగా చేరారు. హోదా సెకండ్ లెఫ్టినెంట్. తల్లికి గాని, గురువులకు గాని ఇది ఇష్టం లేదు. ప్రయోగశాలలో ఉండి దేశానికి సేవ చేయవచ్చునని ఎందరు అనుకున్నా, తోటి యువకులంతా యుద్ధానికి వెళ్తుంటే తాను ఇంట్లో కూర్చోవడం ఆయనకు నచ్చలేదు.

శిక్షణ తరువాత 13వ డివిజన్‌లోని 38వ బ్రిగేడుకు వార్తా విభాగం అధికారిగా నియమించారు. 1915 జూన్‌లో ఓడ ఎక్కారు. ఆ నెలాఖరులో, యుద్ధరంగానికి వెళ్తూ, విల్లు రాశారు. తన ఆస్తిని, పరికరాలను శాస్త్ర పరిశోధనల కోసం లండన్‌లోని రాయల్ సొసైటీకి రాసిచ్చారు. పెళ్లి కాలేదు. 27 ఏళ్లవాడు విల్లు రాయవలసి రావడంలోనే యుద్ధం ఎలాంటిదో తెలుస్తుంది.

గల్లిపోలి కొండల్లో

గల్లిపోలి టర్కీలో సన్నగా సముద్రంలోకి చొచ్చుకుపోయిన భూభాగం. దాని పక్కనున్న జలసంధిని పట్టుకుంటే టర్కీ రాజధానికి, రష్యాకు దారి దొరుకుతుందని బ్రిటన్, ఫ్రాన్సు తలచాయి. 1915 ఏప్రిల్ 25న సేనలు దిగాయి. కాని కొండలపైన టర్కీ సైన్యం గట్టిగా నిలబడింది. కింద తీరంలో వీరు, పైన వారు. నెలల తరబడి ఒక అంగుళం కదలలేదు. ఎండ, ఈగలు, నీటి కొరత, రక్త విరేచనాలు. తూటాలతో పోయినవారు కొందరైతే రోగాలతో మంచాన పడినవారు వేలు.

ఈ యుద్ధంలో మన దేశ సైనికులూ ఉన్నారు. 29వ భారత బ్రిగేడులో సిక్కులు, గూర్ఖాలు పోరాడారు. కంచర గాడిదలపై నీళ్లు, మందుగుండు మోసుకుంటూ తూటాల మధ్య కొండలెక్కిన భారతీయ కంచర దళం సేవను తెల్ల అధికారులు కూడా మెచ్చుకున్నారు.

ప్రతిష్టంభన తొలగించాలని ఆగస్టు 6న పెద్ద దాడి మొదలుపెట్టారు. చునుక్ బైర్ అనే శిఖరం పట్టుకోవాలని ఉద్దేశం. 8న రూథర్‌ఫర్డ్ స్వదేశమైన న్యూజీలండు సైనికులు ఆ శిఖరంపై అడుగుపెట్టారు. 9న గూర్ఖాలు పక్క శిఖరం అంచుకు చేరారు గాని నిలవలేకపోయారు. వారికి సాయంగా రావలసిన మోస్లే బ్రిగేడు రాత్రి చీకట్లో కొండలోయల్లో దారి తప్పింది. బ్రిగేడియర్ జనరల్ బాల్డ్‌విన్ నాయకత్వంలోని ఆ దళం తెల్లవారేసరికి శిఖరానికి కింద, ఫార్మ్ అని సైనికులు పేరుపెట్టిన ఒక చిన్న మైదానం దగ్గర చిక్కుకుంది. పైనుంచి శత్రువుకు అంతా కనిపించే చోటు అది.

ఆగస్టు 10 తెల్లవారుజామున టర్కీ సైన్యం వేల సంఖ్యలో కొండ దిగి విరుచుకుపడింది. దానికి నాయకుడు ముస్తఫా కెమాల్. తరువాత 1923లో టర్కీ గణతంత్రాన్ని స్థాపించింది ఆయనే. ఆ ఉదయం ఒక ఫిరంగి తునక కెమాల్ ఛాతీకి తగిలింది. జేబులో ఉన్న గడియారం అడ్డుపడి ఆయన బతికారు. అదే కొండ కింది భాగాన మోస్లేకు అటువంటి అదృష్టం లేకపోయింది. సైనికాధికారి ఉత్తరువును టెలిఫోనులో చెబుతుండగా తూటా తలలో దూసుకుపోయింది. అక్కడికక్కడే ప్రాణం పోయింది. బ్రిగేడియర్ బాల్డ్‌విన్ కూడా ఆ రోజే అక్కడే మరణించారు. ఆ మైదానంలో పడినవారి శవాలను తీసుకురావడం కూడా సాధ్యం కాలేదు.

1916 జనవరి నాటికి సేనలన్నీ గల్లిపోలి వదిలి వెనుదిరిగాయి. ఇంతమంది ప్రాణాలు పోసినా అనుకున్నది సాధించలేదు.

తీరని లోటు

మోస్లే మరణవార్త శాస్త్రలోకాన్ని కుదిపేసింది. శత్రు దేశమైన జర్మనీలోని శాస్త్రజ్ఞులు కూడా బాధపడ్డారు. రూథర్‌ఫర్డ్ సంతాప వ్యాసం రాస్తూ, ఇటువంటి మేధావిని తుపాకుల ముందు నిలబెట్టడం దేశం చేసుకున్న నష్టమనీ, మరో విధంగా వాడుకుని ఉంటే ఎంతో మేలు జరిగేదనీ నిష్కర్షగా చెప్పారు.

1915లో నోబెల్ బహుమతికి స్వీడన్ శాస్త్రజ్ఞుడు అరీనియస్ మోస్లే పేరును భౌతిక, రసాయన శాస్త్రాలు రెండింటికీ సూచించారు. ఆ ఏడాది భౌతిక శాస్త్రం బహుమతి బ్రాగ్ తండ్రీకొడుకులకు దక్కింది. వారికీ ఆనందం మిగలలేదు. చిన్న కొడుకు రాబర్ట్ బ్రాగ్ అదే గల్లిపోలిలో గాయపడి సెప్టెంబరులో మరణించాడు. 1917లో ఎక్స్ కిరణాల పరిశోధనకే బార్క్‌లాకు, 1924లో మోస్లే దారిని పొడిగించిన స్వీడన్ శాస్త్రజ్ఞుడు సీగ్‌బాన్‌కు బహుమతులు వచ్చాయి. మోస్లే బతికి ఉంటే ఆయనకూ వచ్చి ఉండేదని శాస్త్రజ్ఞులు భావిస్తారు. చనిపోయినవారికి కొత్తగా ఆ బహుమతి ఇవ్వరు.

ఆయన చూపిన నాలుగు ఖాళీ ఇళ్లూ నిండాయి. 72వ మూలకం హాఫ్నియం 1923లో డెన్మార్క్‌లో దొరికింది. దానిని పట్టుకున్న ఇద్దరిలో ఒకరైన హెవెసీ మాంచెస్టర్‌లో మోస్లేతో కలిసి తిరిగిన మిత్రుడే. మోస్లే చెప్పిన ఎక్స్ కిరణాల పద్ధతితోనే పట్టుకున్నారు. 75వది రీనియం 1925లో జర్మనీలో, 43వది టెక్నీషియం 1937లో ఇటలీలో, 61వది ప్రొమిథియం 1945లో అమెరికాలో బయటపడ్డాయి. వీటిలో టెక్నీషియం పట్నం ఆస్పత్రుల్లో గుండె, ఎముకలు, థైరాయిడ్ గ్రంథి స్కానింగుకు రోజూ ఉపయోగపడుతోంది. హాఫ్నియాన్ని అణు రియాక్టర్లలో, రీనియాన్ని విమానాల ఇంజన్లలో వాడుతున్నారు. ఇవాళ పట్టికలో 118 మూలకాలున్నాయి. అన్నీ మోస్లే చూపిన సంఖ్య వరసలోనే ఉన్నాయి.

ఎవరి ప్రాణమైనా ప్రాణమే

మేధావి కాబట్టి ఆయనను కాపాడుకోవలసింది అంటే, మరి రైతు బిడ్డ, కూలివాని కొడుకు ప్రాణానికి విలువ లేదా అన్న ప్రశ్న వస్తుంది. సైన్యానికి బిడ్డలను పంపిన పల్లెల్లో ఈ ప్రశ్న ఇంకా గట్టిగా వస్తుంది. న్యాయమైన ప్రశ్నే. మోస్లే కూడా బహుశా అందుకే ఇంట్లో ఉండిపోలేదు. చదువు పేరు చెప్పి తప్పుకునే వీలు ఉండి కూడా మామూలు సైనికుల పక్కన నిలబడ్డారు. ఆ నిర్ణయాన్ని తక్కువ చేయడానికి ఎవరికీ హక్కు లేదు.

అయితే మనిషిని ఏ పనిలో పెట్టాలన్నది వేరే సంగతి. అదే యుద్ధంలో చిన్న బ్రాగ్‌ను సైన్యం తీసుకుని, శబ్దాన్ని బట్టి శత్రువు ఫిరంగి ఎక్కడుందో కనిపెట్టే పని అప్పగించింది. ఆయన యుద్ధరంగంలోనే ఉండి ఎన్నో ప్రాణాలు కాపాడారు. రూథర్‌ఫర్డ్ నీటిలో దాగిన జలాంతర్గాముల జాడ తీసే పరిశోధన చేశారు. వారూ దేశసేవ చేసినవారే. మోస్లేను ఒక టెలిఫోను దగ్గర కూర్చోబెట్టిన ప్రభుత్వానికి అప్పటికి ఆ ఆలోచన లేకపోయింది. ఆ తప్పు వెంటనే దిద్దుకోలేదు గాని మరిచిపోలేదు. రెండో ప్రపంచ యుద్ధం వచ్చేనాటికి బ్రిటన్ శాస్త్రజ్ఞుల, ఇంజనీర్ల పేర్లు ముందే నమోదు చేసుకుని, ఎవరిని ఏ పనికి వాడాలో చూసుకుంది.

మోస్లే వల్ల పోయినదెంతో కొంతవరకైనా లెక్క కట్టవచ్చు. రెండు వ్యాసాలు అచ్చయి ఉన్నాయి కాబట్టి, ఇంకో నలభై ఏళ్లు బతికితే ఏం చేసేవాడో ఊహించుకోవచ్చు. అదే రోజు అదే కొండ మీద పడినవారిలో ఇంకెందరు ఏమయ్యేవారో ఎవరికీ తెలియదు. అందులో మంచి ఉపాధ్యాయులు, వడ్రంగులు, సేద్యగాళ్లు, వైద్యులు ఉండి ఉంటారు. ఇటు పడినవారూ, అటు పడిన టర్కీ యువకులూ అంతే. వారి చోటు ఖాళీ అని చూపే పట్టిక లేదు.

గల్లిపోలి చివర హెలెస్ అనే చోట ఒక స్మారక స్తంభం ఉంది. సమాధి తెలియని 20 వేలకు పైగా సైనికుల పేర్లు దానిపై చెక్కి ఉన్నాయి. భారతీయ సైనికుల పేర్లూ అందులో ఉన్నాయి. వాటి మధ్య రాయల్ ఇంజనీర్ల వరసలో మోస్లే పేరు ఒకటి. ఏ మూలకానికీ ఆయన పేరు పెట్టలేదు. కాని బడిలో గోడకు తగిలించిన పట్టికలో ప్రతి మూలకం పక్కనా ఒక అంకె ఉంటుంది. ఆ అంకె అర్థం ఏమిటో రుజువు చేసి చూపినవాడు హెన్రీ మోస్లే. పిల్లలకు ఆ పాఠం చెప్పేటప్పుడు ఈ కథ కూడా చెబితే ఆయనకు అంతకు మించిన నివాళి ఉండదు.